సాంబ మసూరికి మూడు తాళాలు

ఈ రోజు మీ ఇంట్లో వండిన అన్నం సాంబ మసూరి బియ్యానిదే అనుకుందాం. అది 1986లో వచ్చిన పాత సాంబ మసూరో, 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరో తిన్నవారు చెప్పలేరు, వండినవారు చెప్పలేరు, వడ్లు మర పట్టిన మిల్లరూ చెప్పలేరు. గింజ అదే సన్నం, అన్నం అదే మెత్తన. తేడా తెలియాలంటే పొలానికి వెళ్ళాలి, అదీ గాలివాన వెలిసిన కొన్నాళ్ళకు. పాత రకం మడిలో ఆకులు కొసల నుంచి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంటే, పక్కనే కొత్త రకం పచ్చగా నిలబడి ఉంటుంది. తెగుళ్ళను తట్టుకునే వంగడాలు తయారుచేసే శాస్త్రజ్ఞుల పని గురించి నలుగురికీ చెప్పడం కష్టం కావడానికి కారణం ఇదే. వాళ్ళ విజయమంటే ఒక నష్టం జరగకపోవడం. జరగని నష్టానికి పేపర్లో ఫొటో పడదు, పరిహారం జాబితాలో పేరు ఎక్కదు. మంచి వంగడం ఒకటి ఇచ్చేశారు కదా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే అని మనం తేలిగ్గా అనేసుకుంటాం. నేను ఈ పూట చెప్పదలచినది ఇందుకు పూర్తిగా విరుద్ధం. తెగులును తట్టుకునే గుణం చెరువు కట్ట వంటిది. కట్టిన ఏడు ఎంత గట్టిగా ఉన్నా, ఏటా గండ్లు చూసి మన్ను వేసుకోకపోతే అది నిలవదు. ఆ మన్ను వేసే పనికి మనం విలువ కట్టడం లేదన్నదే నా ఫిర్యాదు.

ముందు తెగులు సంగతి చూద్దాం. వరిలో ఎండాకు తెగులుకు కారణం శాంథోమోనాస్ అనే బాక్టీరియా. జపాన్ రైతులు ఈ తెగులును 1884లోనే గుర్తించారు. మన దేశంలో 1963లో బీహారు వరి మీద పెద్ద ఎత్తున విరుచుకుపడ్డాక అందరి కళ్ళూ దీని మీద పడ్డాయి. ఈ బాక్టీరియాకు ఆకును తొలిచే శక్తి లేదు. ఆకు అంచున నీరు ఊరే సన్నని రంధ్రాల్లోంచి, లేదా గాయాల్లోంచి దూరుతుంది. తుపాను గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుని చీరుకుపోయాయంటే దానికి వాకిళ్ళన్నీ తెరిచి పెట్టినట్టే. నాటేటప్పుడు నారు కొసలు తుంచినా అంతే. యూరియా ఎక్కువ వేసి పైరును నల్లగా ఏపుగా పెంచిన మడిలో ఇది మరీ చెలరేగుతుంది. ఒకసారి లోపలికి వెళ్ళాక ఆకులో నీళ్ళు పారే నాళాల్లో కాపురం పెడుతుంది. తెల్లవారుజామున ఆకు మీద పసుపు పూసల్లాంటి జిగురు బిందువులు కనిపిస్తే అవి కోట్లాది బాక్టీరియాలు. అనుమానముంటే తెగులు సోకిన ఆకును అడ్డంగా కోసి, ఆ కోసిన కొసను గ్లాసుడు తేట నీళ్ళలో ముంచి చూడండి. పాలధారలా సన్నగా ఏదో దిగుతుంది. ఆ దిగేది కూడా బాక్టీరియానే.

మందు కొడితే పోదా అని మొదటి ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. అగ్గి తెగులుకు మందులున్నాయి, పాముపొడకు ఉన్నాయి, ఎంతో కొంత పనిచేస్తాయి కూడా. ఆ రెండు తెగుళ్ళకూ కారణం శిలీంద్రాలు. ఎండాకు తెగులుది బాక్టీరియా, పైగా నాళాల లోపల ఉంటుంది. ఆకు మీద పడిన రాగి మందు అక్కడిదాకా సరిగా చేరదు. ఇక మిగిలినవి యాంటీబయాటిక్‌లు. మనుషుల ప్రాణాలు కాపాడటానికి దాచుకోవలసిన మందును వరి మళ్ళలో పిచికారీ చేస్తే, ఆ మందుకు లొంగని బాక్టీరియాలు తయారవుతాయి. ఆసుపత్రిలో ఆ అప్పు తీర్చేది ఎవరో వేరే చెప్పనక్కర లేదు. పైగా చల్లిన ప్రతిసారీ ఖర్చు రైతుది. విత్తనంలోనే తట్టుకునే గుణం ఉంటే ఆ ఖర్చు రైతుకు లేదు, పొలంలోకి దిగే కూలికి విషం పీల్చే బాధ లేదు. ఈ ఒక్క తెగులు విషయంలోనైనా విత్తనం దారి తప్ప వేరే దారి దాదాపు లేదని ఒప్పుకోవాలి.

మరి సాంబ మసూరి ఈ తెగులుకు అంత తేలిగ్గా ఎందుకు లొంగిపోయింది? దాని వంశం చూడండి. బాపట్లలో రూపుదిద్దుకున్న ఈ రకానికి, అంటే బీపీటీ 5204కు, మూల పురుషులు ముగ్గురు. 1921లో కోయంబత్తూరులో ఎంపికైన సన్నగింజ రకం జీఈబీ 24 ఒకరు. తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1 మరొకరు. మలేషియా నుంచి వచ్చిన మసూరి మూడోవారు. ఇందులో తైచుంగ్ నేటివ్ ఎంత సుకుమారమంటే, ఎండాకు తెగులు పరీక్షలు చేసేటప్పుడు తప్పకుండా పడిపోయే రకంగా దాన్నే పక్క వరుసలో నాటుతారు. అది పడిపోయిందంటే పరీక్ష సరిగా జరిగినట్టు లెక్క. దోషమంతా దాని మీదకే నెట్టడం అన్యాయం. ఆనాడు శాస్త్రజ్ఞుల ముందున్న కోరిక సన్నగింజ, దిగుబడి. ఆ రెండూ వాళ్ళు సాధించారు, దేశమంతా తిన్నది. తెగులు తట్టుకునే వేరే వరి రకాలు అప్పటికీ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ రైతు వాటికి మారడు. రైతును తప్పు పట్టే పనీ లేదు. ధర పలికేది బీపీటీకి, అడిగేది బీపీటీని. తెగులు తట్టుకున్న లావు గింజ కళ్ళంలో కుప్పగా పడి ఉంటే తట్టుకుని ఏం లాభం? కనుక శాస్త్రజ్ఞుడి ముందు మిగిలిన దారి ఒక్కటే. జనం కోరే బియ్యం జోలికి పోకుండా, ఆ బియ్యాన్నిచ్చే మొక్కకు మాత్రమే కవచం తొడగాలి. కొత్త వంగడం సృష్టించడం కన్నా ఇది కష్టమైన పని.

అదెంత కష్టమో చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. తెగులును తట్టుకునే గుణం కూడా మెండెల్ చెప్పిన సూత్రాల ప్రకారమే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని 1905లో కేంబ్రిడ్జిలో బిఫెన్ గోధుమ కుంకుమ తెగులు మీద చూపించాడు. అంటే ఒక మంచి జన్యువును పట్టుకుంటే చాలు, తెగులు ముగిసిపోతుందని చాలామందికి ఆశ కలిగింది. ఆ ఆశకు అడ్డుకట్ట వేసినవాడు అమెరికాలోని నార్త్ డకోటాలో అవిసె పంట మీద పనిచేసిన ఫ్లోర్. మొక్కలో కాపలా కాసే ప్రతి జన్యువుకూ శిలీంద్రంలో ఒక జోడు జన్యువు ఉంటుందని, శిలీంద్రం ఆ ఒక్కదాన్ని మార్చుకుంటే కాపలా కళ్ళు కప్పి లోపలికి వస్తుందని ఆయన నిరూపించాడు. ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన సిద్ధాంతం కాదు. మన ఉత్తరాంధ్రలోనే చూశాం. ఉల్లికోడును తట్టుకుంటుందని పేరు తెచ్చుకున్న ఫల్గుణ రకం, శ్రీకాకుళం వైపు కొత్త రకం ఉల్లికోడు పుట్టుకొచ్చేసరికి 1980లలో చేతులెత్తేసింది. అది తెగులు కాదు, పురుగు. కానీ లెక్క అదే. ఫిలిప్పీన్స్‌లో 1973లో సుడిదోమను తట్టుకునే ఐఆర్26 వచ్చింది, రెండు మూడేళ్ళలోనే దోమ దాన్ని తినడం నేర్చుకుంది. గోధుమలో కాండం కుంకుమ తెగులును దశాబ్దాలపాటు ఆపిన ఒక జన్యువును దాటుకుని 1998లో ఉగాండాలో కొత్త తెగులు రకం బయటపడితే ప్రపంచంలోని గోధుమ శాస్త్రజ్ఞులంతా ఉలిక్కిపడ్డారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వంగడం ఎంత బాగుంటే అంత ఎక్కువ ఎకరాల్లో వేస్తారు. ఎంత ఎక్కువ వేస్తే, దాన్ని దాటగల క్రిమికి అంత పెద్ద విందు. వంగడం పేరు మోయడమే దాని మీదకు శత్రువును పిలుస్తుంది.

ఇప్పుడు హైదరాబాదు వద్దాం. సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం, అంటే మనం సీసీఎంబీ అనుకునేది, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరికి ఒకటి కాకుండా మూడు జన్యువులు తొడిగాయి. ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అని వాటి పేర్లు. మూడూ మూడు రకాల తాళాలు. ఎక్స్‌ఏ21 గుమ్మంలో నిలబడిన కాపలావాడు. బాక్టీరియా విడుదల చేసే ఒక పదార్థాన్ని వాసన పట్టి లోపలికి కేక వేస్తాడు, మొక్క తన రక్షణలన్నీ లేపుతుంది. ఇది పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఆఫ్రికా వరి పొలాల్లో రైతులు ఆ మొక్కను కలుపుగా పీకేస్తారు. ఆ కలుపు మొక్కలోని గొప్పతనాన్ని పట్టుకున్నది కటక్‌లోని మన కేంద్ర వరి పరిశోధన సంస్థ. తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ సంస్థ దాన్ని సాగు వరిలోకి దించింది. ఎక్స్‌ఏ13 కథ ఇంకా చిత్రమైనది. మామూలు వరిలో చక్కెరను కణం బయటికి వదిలే ఒక కుళాయి జన్యువు ఉంటుంది. బాక్టీరియా లోపలికి రాగానే ఆ కుళాయి తిప్పి, మొక్క చక్కెరను తానే తాగుతూ పెరుగుతుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో కుళాయి ఉంది, పిడి మాత్రం మారిపోయింది. బాక్టీరియా చెయ్యి దానికి పట్టదు. ఇక ఎక్స్‌ఏ5 బంగ్లాదేశ్ ప్రాంతపు ఔస్ వరుల్లో దొరికేది. జన్యువులను చదవడం మొదలుపెట్టే యంత్రాంగంలో అది ఒక చిన్న మార్పు. బాక్టీరియా తన పనికి వాడుకోబోయిన పనిముట్టు ఆ మార్పు వల్ల చేతికి అమరదు. ఒకటి పసిగట్టేది, ఒకటి తిండి పెట్టనిది, ఒకటి పనిముట్టు ఇవ్వనిది.

మూడెందుకు, ఒకటి చాలదా అంటే, ఒక్క ఎక్స్‌ఏ21కు లొంగని బాక్టీరియాలు మన దేశంలోనే దొరికాయి. లెక్క ఇలా ఉంటుంది. ఒక తాళం దాటగల మార్పు పది లక్షల బాక్టీరియాల్లో ఒకదానికి వస్తుందని మాటవరసకు అనుకుందాం. ఒక్క జబ్బు ఆకులోనే కోట్ల బాక్టీరియాలుంటాయి కనుక అది రోజూ జరిగే పనే. రెండు తాళాలు ఒకేసారి దాటాలంటే లక్ష కోట్లలో ఒకటి. మూడింటికి ఇంకో ఆరు సున్నాలు. అయితే ఈ లెక్కలో ఒక మోసం ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. మూడు తాళాలూ ఒకే మొక్కలో ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. ఒక ఊళ్ళో ఎక్స్‌ఏ21 ఒక్కటే ఉన్న రకం, పక్క ఊళ్ళో ఎక్స్‌ఏ13 ఒక్కటే ఉన్న రకం వేశారంటే బాక్టీరియాకు మెట్లు కట్టి ఇచ్చినట్టే. ఒక మెట్టు మీద కుదురుకుని రెండోది ఎక్కుతుంది. కనుక ఏ జన్యువు ఏ రకంలో, ఏ జిల్లాలో ఎన్ని ఎకరాల్లో ఉందో చూసుకునే పెద్దరికం ఎవరో ఒకరికి ఉండాలి. ప్రస్తుతం ఎవరికి వారు విడుదల చేసుకుపోతున్నారు. నాకు ఇది పెద్ద లోపంగానే కనిపిస్తుంది.

ఇక పనిలోని కష్టం. వరి పువ్వు తనలో తానే సంపర్కం చేసుకుంటుంది. అందులో ఆరు కేసరాలుంటాయి. అవి పగలకముందే గింజ పొట్టు కొస కత్తిరించి, ఆరింటినీ తీసేసి, తండ్రి మొక్క పుప్పొడి రాల్చి, సంచి తొడగాలి. ఇలా పుట్టిన మొదటి తరం మొక్కలో సగం సాంబ మసూరి, సగం ఆ జన్యువులిచ్చిన దాత. దాన్ని మళ్ళీ సాంబ మసూరితో కలిపితే ముప్పాతిక, మళ్ళీ కలిపితే ఎనిమిదింట ఏడు వంతులు. ఇలా నాలుగు సార్లు వెనక్కి కలిపితే సుమారు 97 శాతం సాంబ మసూరి తిరిగి వస్తుంది. వినడానికి తేలికే. కానీ ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 రెండూ సిగ్గరి జన్యువులు. అవి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తాయి. సాంబ మసూరితో కలిపిన ప్రతి తరంలోనూ అవి ఒక వైపు నుంచే ఉంటాయి కనుక మొక్కను చూసి వాటి జాడ పట్టలేం. పోనీ, తెగులు అంటించి చూద్దామంటే ఎక్స్‌ఏ21 ఒక్కటే మొక్కను కాపాడేస్తుంది, మిగతా రెండూ ఉన్నాయో లేవో తెలియదు. ఇక్కడే డీఎన్‌ఏ గుర్తులు అక్కరకొచ్చాయి. ఆకు ముక్క తీసి, ఆ జన్యువుల గుర్తులున్నాయో లేవో ప్రయోగశాలలో చూసి, ఉన్న మొక్కనే తర్వాతి తరానికి నిలుపుతారు. అడవి వరి నుంచి వచ్చిన జన్యువుతో పాటు దాని చుట్టాలు కూడా వెంటపడి వస్తాయి. గింజ రాలిపోవడం, కంకి పలచబడటం వంటి అడవి బుద్ధులు వాటివల్లే. వాటిని రెండు పక్కలా కత్తిరించడానికి కూడా ఈ గుర్తులే సాయం. చివరికి పొలంలో పరీక్ష మాత్రం పాత పద్ధతే. బాక్టీరియా కలిపిన నీళ్ళలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలాగి స్కేలు పెట్టి మచ్చ ఎంత పొడవు పాకిందో కొలుస్తారు. లొంగే రకంలో జానెడు దాకా పాకిన మచ్చ, మూడు తాళాలున్న మొక్కలో అంగుళం రెండంగుళాల్లో ఆగిపోతుంది. ఆ కొలత వేల ఆకులకు వేయాలి, అనేక ప్రాంతాల్లో వేయాలి. పరిశోధన అంటే ఎక్కువ భాగం ఇదే, మోకాటి లోతు బురదలో స్కేలు పట్టుకుని వంగి నిలబడటం.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు విరిగిపోయేదే కదా, ఎందుకీ శ్రమ అనేవారున్నారు. విరుగుతుంది కనుకే వరసగా చేస్తుండాలి. ఒక వంగడం పదిహేనేళ్ళు నిలిచినా ఆ పదిహేనేళ్ళలో రైతుకు మిగిలిన ఖర్చు, దక్కిన పంట ఎక్కడికీ పోవు. అసలు ప్రశ్న విరుగుతుందా లేదా అన్నది కాదు, విరిగే నాటికి తర్వాతిది సిద్ధంగా ఉందా అన్నదే. సిద్ధంగా లేకపోతే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్ చెరకు రైతులను అడగాలి. 2009లో విడుదలైన కో 0238 అనే రకం చక్కెర శాతంలోనూ దిగుబడిలోనూ అంత గొప్పదై, ఆ రాష్ట్రంలో చెరకు విస్తీర్ణంలో ఎక్కువ భాగాన్ని అదొక్కటే ఆక్రమించింది. తర్వాత ఎర్రకుళ్ళు దాన్ని పట్టుకుంది. తప్పు వంగడానిది కాదు. దాని మీద అంత నమ్మకం పెట్టుకుని పక్కన రెండోది నిలబెట్టుకోకపోవడం తప్పు. చైనాలోని యునాన్‌లో దీనికి ఎదురుగా మరో ప్రయోగం చేశారు. అగ్గి తెగులుకు లొంగే జిగురు వరిని, తట్టుకునే హైబ్రిడ్ వరుసల మధ్య అక్కడక్కడ ఒక్కో వరుసగా నాటారు. జిగురు వరిని ఒంటరిగా వేసినప్పటి కన్నా తెగులు తీవ్రత 94 శాతం తగ్గిందని 2000లో ప్రకటించారు. మందు లేదు, కొత్త జన్యువు లేదు, నాటే పద్ధతి ఒక్కటే మారింది. మన దగ్గర యంత్రంతో కోసి లారీ లారీగా ఒకే రకం అమ్మే పద్ధతిలో అది నేరుగా కుదరకపోవచ్చు. ఊరంతా ఒకే రకం వేయకుండా, మూడు నాలుగు రకాలను పంచి వేసుకోవడం కుదురుతుంది.

ఇప్పుడు జన్యు సవరణ వచ్చింది కదా, ఇక ఈ సంకరాలెందుకని ఇంకో వాదం. 2025 మే నెలలో మన దేశం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. అందులో ఒకటి మన సాంబ మసూరి నుంచే వచ్చింది, రెండోది మారుటేరు రకం ఎంటీయూ 1010 నుంచి. మొదటిది దిగుబడి కోసం, త్వరగా కోతకు రావడం కోసం చేసినది. ఎండాకు తెగులు విషయంలోనూ ఆ చక్కెర కుళాయి పిడిని సవరణ ద్వారా నేరుగా మార్చి తెగులును ఆపవచ్చని విదేశీ ప్రయోగశాలలు 2019లో చూపించాయి. ఈ పనిముట్టు మంచిదే, దాన్ని వద్దనడం తెలివి కాదు. ఆరేడు తరాల పని రెండు మూడు తరాల్లో అవుతుంది. కానీ ఏ కుళాయి తిప్పాలో చెప్పింది ఎక్స్‌ఏ13. పాత వరుల్లో దాన్ని వెతికి పట్టుకున్నది కత్తెరతో ఆకులు కోసినవాళ్ళే. సవరణ చేసిన మొక్కను కూడా అంతే శ్రద్ధగా అనేక చోట్ల పొలాల్లో నిలబెట్టి చూడాలి. బాక్టీరియా ఎదుటి మొక్క సంకరం వల్ల పుట్టిందా, సవరణ వల్ల పుట్టిందా అని అడగదు. తాళం తెరవగలిగితే తెరుస్తుంది. అన్నట్టు, మెరుగైన సాంబ మసూరి జన్యు మార్పిడి పంట కాదు. అందులోని మూడు జన్యువులూ వరివే, వరి బంధువులవే. సంకరంతో వచ్చినవే. ఈ సంగతి తెలియక భయపడేవారు ఇంకా ఉన్నారు.

కంపెనీలకు వదిలేస్తే సరిపోదా అని చివరి ప్రశ్న. సాంబ మసూరి లాంటి సూటి రకంలో రైతు ఒకసారి విత్తనం కొంటే కొన్నేళ్ళు తన వడ్లే విత్తనంగా వాడుకుంటాడు. పక్కవాడికి బస్తా ఇస్తాడు. ఇందులో కంపెనీకి లాభం ఎక్కడుంది? హైబ్రిడ్‌లలో వాళ్ళు పెట్టుబడి పెడతారు, అది వాళ్ళ వ్యాపార ధర్మం. సన్నబియ్యం సూటి రకాల్లో తెగులు కాపలా కాయవలసింది ప్రభుత్వ సంస్థలూ, విశ్వవిద్యాలయాలే. అందుకే ఖాళీ అయిన బ్రీడర్ పోస్టులు, తెగుళ్ళ శాస్త్రజ్ఞుల పోస్టులు భర్తీ చేయకపోవడం చిన్న విషయం కాదు. ఒక వంగడానికి పదేళ్ళు పడుతుంది. ఈ ఏడు నిలిపేసిన పని నష్టం మనకు మరో పదేళ్ళ తర్వాత, ఏదో ఒక తుపాను మర్నాడు కనిపిస్తుంది. అప్పుడు డబ్బులిచ్చినా తరాలను తొందరపెట్టడం కుదరదు. ఇంకో మాట, కొంచెం నవ్వొచ్చేది. మెరుగైన సాంబ మసూరి బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువని, 51 దగ్గర ఉందని తర్వాత పరీక్షల్లో తేలింది. ఎవరూ అనుకుని చేసినది కాదు. ఇప్పుడు ఆ పేరుతోనే దానికి పట్టణాల్లో గిరాకీ. మూడు తాళాల గురించి అడిగే కొనుగోలుదారు ఇంకా కనబడలేదు.

వినే రైతులతో ఒక మాట చెప్పి ముగిస్తాను. తట్టుకుంటుందని చెప్పిన రకంలోనే మీ మడిలో తెగులు కనిపిస్తే, మోసపోయామని ఆ ఆకును పీకి గట్టు మీద పారేయకండి. ఆ ఆకే కొత్త బాక్టీరియా వచ్చిందని చెప్పే మొదటి ఉత్తరం కావచ్చు. పచ్చదనం ఇంకా మిగిలిన జబ్బు ఆకులు నాలుగైదు కోసి, తడి తుడిచి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం కవరులో పెట్టండి. కవరు మీద మీ ఊరు, మండలం, వంగడం పేరు, నాటిన తేదీ రాయండి. దగ్గరలోని వ్యవసాయ పరిశోధన స్థానానికో, కృషి విజ్ఞాన కేంద్రానికో అందజేయండి.